కామాక్షి గారి తొమ్మిది ముగింపులు

1993 జులైలో ఢిల్లీలోని ఒక సాయంకాలపు కాలేజీలో తెలుగు లెక్చరరుగా నాకు మూడోసారి అడ్‌హాక్ నియామకం వచ్చింది. అడ్‌హాక్ అంటే నాలుగు నెలలకు ఇచ్చే ఉద్యోగం. గడువు తీరాక ఒకరోజు విరామం ఇచ్చి, అవసరముంటే మళ్ళీ నాలుగు నెలలకు కాగితం ఇస్తారు. ఆ ఒక్కరోజు మనం ఆ కాలేజీకి ఏమీ కాము. అంతకుముందు రెండుసార్లు ఆ రోజును లక్ష్మీ నగర్‌లోని నా అద్దె గదిలో గోడవైపు తిరిగి పడుకుని గడిపాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఆ రెండు తేదీల కింద ఏమీ రాయలేదు.

నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. రాజమండ్రిలో ఎం.ఏ. చేసి వచ్చాను. నా క్లాసులో పద్నాలుగు మంది పిల్లలుండేవారు. అందరూ ప్రభుత్వోద్యోగుల పిల్లలో, సైన్యంలో పనిచేసేవారి పిల్లలో. తెలుగు అర్థమయ్యేది కాని జవాబు తెలుగులో వచ్చేది కాదు. సమాసం గురించి పది నిమిషాలు చెప్పాక ఎవరో ఒకరు లేచి, "మేమ్, ఏక్ బార్ హిందీ మే సమ్‌ఝా దీజియే" అని హిందీలో వివరించమనేవారు. ఆ పిల్లల ముందు నాకు బెదురు ఉండేది కాదు. స్టాఫ్ రూంలో ఉండేది. అక్కడ కుర్చీ లాక్కుని కూర్చోవడానికి కూడా ఎవరినో అడగాల్సి వస్తుందేమోనని లైబ్రరీలో కూర్చునేదాన్ని.

తెలుగు విభాగం బాధ్యుడు శేషగిరి గారు. ఆయన రీడరు, అంటే లెక్చరరుకు పైమెట్టు, ప్రొఫెసరుకు కిందిమెట్టు. ఆగస్టులో ఒకరోజు నన్ను పిలిచి, వచ్చే వేసవిలోగా మా విభాగంలో పర్మనెంటు పోస్టు ఒకటి ప్రకటిస్తారని చెప్పారు.

"వసుంధరా, ఇంటర్వ్యూలో నువ్వు నోరు విప్పవు. అది నాకూ తెలుసు, నీకూ తెలుసు. కాబట్టి నీ తరఫున ఒక కాగితం మాట్లాడాలి. ఫిబ్రవరిలో మన దగ్గరే జాతీయ సదస్సు ఉంది. అందులో ఒక పేపరు చదువు. పాతకాలపు 'కవితా సౌందర్యం' రకం కాదు. సిద్ధాంతం ఉండాలి."

ఈ వృత్తి బయట ఉన్నవారి కోసం చెబుతున్నాను. సాహిత్య పరిశోధన పత్రానికి ప్రణాళిక వేయడమంటే నాలుగు విషయాలు తేల్చుకోవడం. ఏ రచనలను పరిశీలిస్తున్నాం? వాటిని ఏ ప్రశ్న అడుగుతున్నాం? ఆ ప్రశ్నకు ఏ విమర్శ సిద్ధాంతం పనికివస్తుంది? చివరికి మనం నిలబెట్టదలచుకున్న వాదం ఏమిటి? ఈ వాదాన్ని ఒక్క వాక్యంలో రాయగలగాలి. తరువాత దాన్ని మూడు వందల మాటల సంగ్రహంగా పెంచి నిర్వాహకులకు పంపాలి. దాన్నే అబ్‌స్ట్రాక్టు అనేవాళ్ళం. అది అంగీకరించాకే పేపరు రాయడం మొదలవుతుంది. రచన ముందు, ప్రశ్న తరువాత, సిద్ధాంతం ఆ తరువాత రావాలి. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో ఢిల్లీలో మేమంతా దీన్ని తలకిందులు చేసేవాళ్ళం. కొత్త సిద్ధాంతాల ఇంగ్లీషు పుస్తకాల జిరాక్సులు చేతులు మారుతుండేవి. ముందు సిద్ధాంతం దొరికేది, తరువాత దానికి సరిపోయే కథో నవలో వెతుక్కునేవాళ్ళం.

నేనూ అలాగే చేశాను. నాకు దొరికినవి రెండు. ఒకటి స్త్రీవాద విమర్శలో ఒక పాయ: స్త్రీల రచనల్లో చెప్పినదానికన్నా చెప్పకుండా వదిలినదాన్ని పట్టించుకోవాలి, కథకు చక్కటి ముగింపు ఇవ్వకపోవడం పురుషుల పద్ధతిని నిరాకరించడమే అంటుంది. రెండోది, రచయిత ఉద్దేశంతో విమర్శకుడికి పని లేదనే వాదం. మన ముందున్నది పాఠ్యం, దాన్ని రాసిన మనిషిని వెళ్ళి అడగనక్కర లేదు. ఈ రెండోది చదివిన రోజు నా డైరీలో ఇలా ఉంది: "ఎవరినీ కలవనక్కర లేదు. ఎంత హాయి." సిద్ధాంతం నచ్చడానికి కారణాలు చాలా ఉంటాయి. నా కారణం ఇదీ.

రచనలు ఒక తెలుగు సంఘం గ్రంథాలయంలో దొరికాయి. అక్కడ పాత వారపత్రికల బైండు సంపుటాలు ఉండేవి. వాటిలో అరవైల చివర నుంచి డెబ్బైల మొదటి వరకు వి. కామాక్షి అనే ఆవిడ రాసిన తొమ్మిది కథలు కనబడ్డాయి. అన్నీ ఢిల్లీలో తెలుగు ఆడవాళ్ళ కథలు. అన్నీ చిన్నవి. ఒక్కదానికీ ముగింపు లేదు. ఉదాహరణకు 'వరుస' అనే కథలో ఒక గృహిణి కిరసనాయిలు కోసం రేషన్ షాపు ముందు ఉదయం నుంచి నిలబడుతుంది. ముందు ఎవరున్నారు, వెనుక ఎవరున్నారు, ఎవరి డబ్బాకు తుప్పు పట్టింది, అన్నీ చెబుతుంది రచయిత్రి. చివరి వాక్యం: "ఆమె వంతు వచ్చింది. డబ్బా ముందుకు జరిపింది." అంతే. తరువాత ఇంకేమీ లేదు.

వెంటనే మళ్ళీ మొదటి నుంచి చదివాను. మిగతా ఎనిమిదీ అలాగే ఉన్నాయి. ప్రతి కథలో ఒక స్త్రీ ఏదో చేయబోతుంది, కథ ఆగిపోతుంది. నా సిద్ధాంతం కోసమే రాసినట్టు ఉన్నాయి.

బైండు సంపుటాలను బయటికి ఇవ్వరు. బైండింగు ఊడిపోతుందని జిరాక్సు కూడా చేయనివ్వరు. అందుకని ఆరు ఆదివారాలు కూర్చుని తొమ్మిది కథలనూ నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. ఒక్క కామా కూడా పోకుండా రాశాను. నా పేపరు అప్పుడే చెడిపోయిందని నాకు తెలియదు.

సెప్టెంబరులో నా వాదాన్ని ఒక్క వాక్యంలో పెట్టగలిగాను: "వి. కామాక్షి కథల్లో ముగింపు లేకపోవడం లోపం కాదు, అది ఆమె ఎంచుకున్న మౌనం." శేషగిరి గారు ఆ చివరి రెండు మాటల కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన 'బాగుంది' అని రాశారు. అబ్‌స్ట్రాక్టు వెళ్ళింది. అక్టోబరులో అంగీకార పత్రం వచ్చింది.

గదిలో నాతో సుధ అనే అమ్మాయి ఉండేది. వరంగల్ పిల్ల, సి.ఏ. కోచింగ్ కోసం వచ్చింది. నా నోటు పుస్తకం మీద పేరు చూసి ఒకరోజు అంది:

"అక్కా, గీ కామాక్షి అంటే కామాక్షి ఆంటీయేనా? సరోజినీ నగర్ల మా మామోళ్ళ పక్క బ్లాకుల ఉంటది. కథలు రాసేదని మా అత్త చెప్తుండె."

ఆవిడ అదే ఊళ్ళో, మా గది నుంచి ఒక బస్సు దూరంలో ఉందన్న సంగతి నేను ఊహించనే లేదు.

"పోయి అడుగరాదు మరి, ఎందుకట్ల రాసినవని?"

అడగనక్కర లేదని, విమర్శకు రచయితతో సంబంధం లేదని సుధకు నా సిద్ధాంతం వివరించాను. ఆమె ఓపిగ్గా అంతా విన్నది.

"మంచిగుందక్కా నీ సిద్ధాంతం. బతికున్న మనిషిని లేదని రాసుడు, మళ్ళ ఆమె ఇంటి ముందట్నుంచే బస్సుల పోవుడు."

నేను నవ్వాను. వెళ్ళలేదు. డిసెంబరు ఆఖరుకు పేపరు పూర్తయింది. ఇరవై రెండు పేజీలు.

జనవరిలో సుధ తన మామయ్య ఇంటికి వెళ్ళినప్పుడు నా సంగతి కామాక్షి గారికి చెప్పేసింది. తిరిగి వచ్చి, వచ్చే ఆదివారం నన్ను భోజనానికి రమ్మన్నదని చెప్పింది. "నేనైతే వస్తదని మాటిచ్చిన. ఇగ నీ ఇష్టం." వెళ్ళక తప్పలేదు. సదస్సుకు అప్పటికి మూడు వారాలుంది.

అది పైఅంతస్తులో రెండు గదుల ప్రభుత్వ క్వార్టరు. తలుపు తీసినావిడకు యాభై అయిదు దాకా ఉంటాయి.

"రామ్మా. నువ్వేనా? నేనెవరో పెద్ద ప్రొఫెసరమ్మ వస్తుందనుకుని సోఫా కవర్లు మార్చాను. ఇంత చిన్నపిల్లవని తెలిస్తే ఆ శ్రమ తప్పేది."

ఆవిడ భర్త విశ్వనాథం గారు ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. మార్చి ఆఖరున రిటైరవుతున్నారు. "మా ఆవిడ కథలు రాయడం మానేశాక నా ఫైళ్ళ మీద పడిందమ్మా. నేను రాసిన నోటు కూడా దిద్దేది. డిప్యూటీ సెక్రటరీ మెచ్చుకుంటే అది ఆవిడ ఇంగ్లీషే" అన్నారాయన.

"మీరు ఊరుకోండి, అమ్మాయి నా కోసం వచ్చింది" అని ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. "ఇరవై ఏళ్ళయిందమ్మా, నా కథ గురించి ఒకళ్ళు నాతో మాట్లాడి. చదువు. ఏం రాశావో వింటాను."

నేను చివరి రెండు పేజీలు చదివాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. 'ఎంచుకున్న మౌనం' దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగమ్మా. ముగించలేదా? ఎవరు ముగించలేదు?"

"మీరే కదండీ... కథలకి ముగింపు ఇవ్వలేదు కదా."

ఆవిడ భర్త వైపు చూసింది. ఆవిడ లోపలికి వెళ్ళి, దారం కట్టిన అట్ట ఫైలు ఒకటి తెచ్చింది. అందులో తొమ్మిది కథల కార్బన్ ప్రతులున్నాయి, ఆవిడ చేతిరాతలో. అచ్చయిన దానికన్నా ప్రతి కథా పేజీ, పేజీన్నర ఎక్కువ ఉంది.

"ఆ పత్రికలో మహిళల పేజీ అని ఉండేది. దాని కింద తలనూనె ప్రకటన. కథ ఎక్కువైతే కిందనుంచి కోసేవాళ్ళు. ప్రకటన కొయ్యరు కదా. ఎడిటరు గారికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక కార్డు వచ్చింది, స్థలాభావం వల్ల కుదించాం, కథకు భంగం కలగలేదని భావిస్తున్నాం అని. భంగం కలగలేదట! సరే, మనమే తగ్గించుకుందామని చివరి రెండూ చిన్నవిగా రాసి పంపాను. అప్పుడు ప్రకటన పెద్దదయింది." ఆవిడ నవ్వింది. "కాళ్ళు నరికేవాళ్ళకి బొమ్మలు చేసివ్వడం ఎందుకని మానేశాను."

ఫైలు నా ఒళ్ళో పెట్టింది. 'వరుస' ముగింపు చదివాను. షాపువాడు కార్డు చూసి, పేరున్న మగమనిషిని పంపమంటాడు. ఆమె డబ్బా గడప మీద పెడుతుంది. కార్డు మీద పేరు ఆయనదే, పొయ్యి ముందు కూర్చునేది నేను, డబ్బా నిండేదాకా నేనూ కదలను, నా వెనుకవాళ్ళూ కదలరు అంటుంది. వెనుక ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ డబ్బాల మీద చేత్తో కొట్టడం మొదలుపెడతారు. మిగతా కథలూ తిరగేశాను. తొమ్మిదింటిలోనూ చివర ఆమె మాట్లాడుతుంది. ఒకచోట భర్తతో, ఒకచోట డాక్టరుతో, ఒకచోట తల్లితో. ఏది మాట్లాడిందో సరిగ్గా అదే కోతలో పోయింది. ఆ కోతను నేను మౌనమని, ఆమే ఎంచుకుందని ఇరవై రెండు పేజీల్లో నిరూపించాను.

వెళ్ళేటప్పుడు ఆవిడ మెట్ల దాకా వచ్చింది.

"నీ పేపరు నీ ఇష్టంరా అమ్మా, ఎలా రాసుకుంటావో. సభలో ఒక్క ముగింపు చదువు. 'వరుస' చాలు. నలుగురిలో గట్టిగా చదువుతుంటే వినాలని ఉంది. మేం కూడా వస్తాం. ఫైలు ఇప్పుడివ్వనులే, ఒక్కటే కాపీ. ఆ రోజు తెస్తాను."

"చదువుతానండీ" అన్నాను.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి సంపుటాలు మళ్ళీ తీయించాను. ఈసారి కథలు చదవలేదు, పేజీలు చూశాను. మొదటి ఏడు కథలూ రెండో పేజీలో ఒకే చోట, సరిగ్గా ప్రకటన గీతకు పైన ఆగాయి. చివరి రెండూ అంతకన్నా నాలుగు వేళ్ళు పైన ఆగాయి. అక్కడ ప్రకటన పెద్దది. ఒక్క చూపుకు కనబడే సంగతి. ఎత్తి రాసుకునేటప్పుడు మాటలు తెచ్చుకున్నాను, పేజీ అక్కడే వదిలేశాను.

శేషగిరి గారికి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. ఆయన చెడ్డవారు కాదని ఇప్పటికీ అంటాను. సంగ్రహాల పుస్తకం అచ్చయిపోయిందని గుర్తు చేశారు. నా సెషన్‌కు అధ్యక్షత వహించే ప్రొఫెసరు గారే మా ఇంటర్వ్యూకు నిపుణుడిగా వస్తారని, నా సంగ్రహంలోని 'ఎంచుకున్న మౌనం' అన్న మాట ఆయనకు బాగా నచ్చిందని చెప్పారు.

"పాఠకుడి చేతికొచ్చింది అచ్చు కథే కదా. నువ్వు దాన్ని చదివావు. సిద్ధాంతం ప్రకారం తప్పేం లేదు."

ముగింపులు కోసేశారన్నదే అసలు విషయమని, దాని మీదే రాస్తే ఇంకా మంచి పేపరు అవుతుందని నేను గొణిగాను.

"అవుతుంది. వచ్చే ఏడాదికి. అప్పటికి నువ్విక్కడ ఉండాలి కదా? ఒక పాదసూచిక పెట్టు. చెప్పినట్టూ ఉంటుంది, పేపరూ నిలబడుతుంది."

పాదసూచిక అంటే పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఇచ్చే వివరణ. సదస్సులో పేపరు చదివేటప్పుడు పాదసూచికలు చదవరు. అది ఎక్కడా రాయని నియమం, కాని అందరూ పాటిస్తారు. పద్నాలుగో పాదసూచికగా ఇలా రాశాను: "కొన్ని కథల రాతప్రతుల్లో పాఠభేదాలు ఉన్నట్లు తెలియవస్తున్నది." ఆ వాక్యం కూర్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎవరు కోశారు, ఏం కోశారు, ఎవరి దగ్గర ఉంది, ఏదీ అందులో లేకుండా రాయడం తేలిక కాదు.

నాకు తెలియక చేశానని చెప్పుకోలేను. స్త్రీ నోట మాట వచ్చిన చోటల్లా మగ ఎడిటరు కత్తెర పడింది. స్త్రీవాద విమర్శకు అంతకన్నా మంచి వస్తువు దొరకదు. ఆ సంగతి నాకు గ్రంథాలయంలో ఆ పేజీల ముందే తెలుసు. ఇరవై రోజుల్లో కొత్త పేపరు రాయగలనని కూడా తెలుసు. లేచి నిలబడి, ఆ ప్రొఫెసరు గారి ముఖం చూస్తూ, మీకు నచ్చిన మాట తప్పండీ అని చెప్పగలనా అన్నదే ప్రశ్న. ఆ మూడు వారాల డైరీలో ప్రతి పేజీ చివరా ఒకే వాక్యం ఉంది: "రేపు నిర్ణయించాలి."

సదస్సు రోజున కామాక్షి గారు, విశ్వనాథం గారు, సుధ మూడో వరసలో కూర్చున్నారు. ఆవిడ ఒళ్ళో ఆ అట్ట ఫైలు. నన్ను చూసి ఫైలు కొంచెం పైకెత్తి చూపింది. నేను తల ఊపాను. వేదిక దిగి వెళ్ళి తీసుకోవడానికి ఇంకా పది నిమిషాలుంది. వెళ్ళలేదు.

ఇరవై నిమిషాలు చదివాను. 'వరుస' గురించి చెప్పే పేజీ వచ్చింది. "డబ్బా ముందుకు జరిపింది" అన్న వాక్యం చదివాక తల ఎత్తాను. ఆవిడ ముందుకు వంగి కూర్చుంది, ఫైలు దారం విప్పి. అధ్యక్షుడు 'రెండు నిమిషాలు' అని రాసిన చీటీ నా ముందుకు తోశారు. నేను తరువాతి పేరాకు వెళ్ళిపోయాను. ఎంచుకున్న మౌనం అన్న మాటతో ముగించాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడు అధ్యక్షుడికి ఎవరో చెప్పారు, రచయిత్రి సభలోనే ఉన్నారని. ఆయన ఉత్సాహంగా, "అచ్ఛా! ఇది అరుదైన అవకాశం. అమ్మా, మీ మౌనం గురించి ఇంత మాట్లాడుకున్నాం. మీరు రెండు మాటలు చెప్పాలి" అన్నారు.

ఆవిడ లేచి నిలబడింది. సుధ ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "చెప్పుండ్రి ఆంటీ" అంది. ఆ మాట వేదిక దాకా వినబడింది. ఆవిడ నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నేను తల దించుకుని కాగితాల అంచులు సరిచేస్తూ ఉండిపోయాను.

"నేను చెప్పేదేం లేదండీ" అని కూర్చుంది.

"చూశారా, సిద్ధాంతం రుజువైంది!" అన్నారు అధ్యక్షుడు. హాలంతా నవ్వింది. మంచి నవ్వే, ఎవరినీ ఎగతాళి చేసింది కాదు. నేను కూడా నవ్వానని ఆ రోజు డైరీలో ఉంది.

బయట టీ దగ్గర ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "గొంతు వణకలేదమ్మా, బాగా చదివావు" అంది. విశ్వనాథం గారు టీ కప్పు కింద పెట్టి గేటు వైపు నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సుధ కిటికీ వైపు చూస్తూ ఒక్కమాట అంది: "నువ్వు చదువుతవని ఆమె బనారస్ చీర కట్టుకొచ్చిందక్కా." తరువాత వారం రోజులు మా గదిలో అవసరమైన మాటలే నడిచాయి.

మేలో ఇంటర్వ్యూ జరిగింది. నిపుణుడిగా వచ్చిన ప్రొఫెసరు గారు ఒకే ప్రశ్న అడిగారు. ఎంచుకున్న మౌనం అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెప్పమన్నారు. చెప్పాను. అంత ధారాళంగా నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. జూన్ ఆఖరున నియామక పత్రం వచ్చింది. ఇక ఒకరోజు విరామాలు ఉండవు.

జులైలో సరోజినీ నగర్ వెళ్ళాను. క్వార్టరు ఖాళీ, లోపల సున్నం వేస్తున్నారు. వాళ్ళు ఫరీదాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్ళారని సుధ అత్తయ్య చెప్పి చిరునామా ఇచ్చింది. గంటన్నర ప్రయాణం. నేను వెళ్ళేసరికి నవంబరు అయింది. ఈ నాలుగు నెలల జాప్యానికి నా దగ్గర కారణం లేదు. రచయితను కలవనక్కర లేదనే సిద్ధాంతం కూడా అప్పటికి నాకు తోడు రాలేదు.

ఆవిడ ఎప్పటిలాగే పలకరించింది. ఉద్యోగం వచ్చినందుకు సంతోషమంది. పకోడీలు వేసి పెట్టింది. నేను ఫైలు అడిగాను. తొమ్మిది కథలనూ పూర్తి పాఠంతో ప్రచురిద్దామని, నా పేపరు తప్పని నేనే రాస్తానని చెప్పాను. ముందే రాసుకుని, బస్సులో బట్టీ పట్టిన మాటలవి.

"అవి లేవమ్మా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కాగితాలన్నీ పాతసామాను కొనే కబాడీవాలాకి ఇచ్చేశాం. సామాను ఎక్కువైపోయింది, ఇక్కడ చూస్తే ఒక్కటే గది." ప్లేటు నా వైపు జరిపింది. "తిను, చల్లారిపోతాయి."

మళ్ళీ రాయగలరా అని అడిగాను. "దేన్ని?" అంది ఆవిడ. నిజంగానే అడిగినట్టుంది.

అప్పటికే సదస్సు పత్రాల సంపుటి అచ్చయింది. తరువాతి సంవత్సరాల్లో నా పేపరును చాలామంది ఉటంకించారు. ఒక విశ్వవిద్యాలయం పాఠ్య ప్రణాళికలో అది చదవవలసిన వ్యాసాల జాబితాలోకి ఎక్కింది. ఇద్దరు విద్యార్థులు కామాక్షి గారి మౌనం మీద ఎం.ఫిల్. చేశారు. అందులో ఒకరి మౌఖిక పరీక్షకు నేనే పరీక్షకురాలిగా వెళ్ళాను. పద్నాలుగో పాదసూచిక గురించి ఆ అమ్మాయి అడుగుతుందేమోనని రోజంతా చూశాను. అడగలేదు. నేనూ చెప్పలేదు.

సదస్సు జరిగిన పదేళ్ళకు, కామాక్షి గారు పోయారని సుధ ఫోను చేసి చెప్పాక, ఒక పత్రికకు సవరణ వ్యాసం పంపాను. సంపుటాల్లో ప్రకటన గీత దగ్గర కథలు ఆగిన తీరు, ఎడిటరు కార్డు సంగతి, క్వార్టరు నుంచి తిరిగి వచ్చిన రోజున నేను డైరీలో రాసుకున్న మూడు ముగింపుల సారాంశం అందులో పెట్టాను. సమీక్షకుడి అభిప్రాయంతో అది తిరిగి వచ్చింది. కోత జరిగిందని ఒప్పుకున్నా, కోసిన భాగంలో ఏముందో చెప్పడానికి రాతప్రతి కావాలి, వ్యాసకర్త జ్ఞాపకం ఆధారం కాజాలదు, పైగా ఇది వ్యాసకర్త స్వయంగా చేసిన ప్రతిపాదనకు విరుద్ధంగా ఉంది అని రాశారు. అక్షరం కూడా తప్పు లేని అభిప్రాయం. అలాంటి వ్యాసం నా దగ్గరికి వచ్చినా నేనూ అదే రాసేదాన్ని.

నాలుగేళ్ళ క్రితం స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఈ ఉదంతం నుంచి నేర్చుకున్నది పరిశోధన చేయబోయేవారికి పనికిరావచ్చు. పేపరుకు ప్రణాళిక వేసేటప్పుడు సిద్ధాంతం గురించి ఆలోచించకముందే, మన చేతిలో ఉన్న పాఠ్యం ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో కనుక్కోవాలి. ఎత్తి రాసుకున్న ప్రతి మీద ఆధారపడకుండా అచ్చు పేజీని పేజీగా చూడాలి. రాసిన మనిషి బతికి ఉంటే వెళ్ళి కలవాలి, మన సిద్ధాంతం వద్దన్నా కలవాలి. తప్పు తెలిసినప్పుడు దాన్ని పేపరు మధ్యలో, అందరికీ వినబడే చోట చెప్పాలి. తరువాత చెబుతామనుకుంటే అప్పటికి ఆధారం మిగలకపోవచ్చు.

ఈ నాలుగు మాటలూ పాతికేళ్ళకు పైగా ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో చెప్పాను. పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. వీటిని ఎక్కడ నేర్చుకున్నానో ఒక్కసారి కూడా చెప్పలేదు.